హోముల్లో, ఫాస్టర్ ఇళ్లల్లో పెరిగే పిల్లలకి మీ కాలనీ తరఫున సాయం చేయాలంటే ఎలా మొదలుపెట్టాలి

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "ఈసారి మా బాబు పుట్టినరోజుకి హోములో భోజనాలు పెడదాం" అంటారు, సాయంత్రానికల్లా డబ్బు పోగవుతుంది, ఆదివారం అందరూ కలిసి వెళ్లి వడ్డించి, నాలుగు ఫోటోలు దిగి వచ్చేస్తారు, మళ్లీ ఏడాది దాకా ఆ ఊసు ఉండదు. అందులో చెడ్డ మనసు ఎవరిదీ లేదు. కాని అవతలి వైపు నుంచి చూడండి. పండగ రోజుల్లో, ఆగస్టు 15కి, జనవరి 26కి ఒకే పూట రెండు మూడు బృందాలు బిర్యానీ పట్టుకొస్తాయి, తిన్నంత తిని మిగతాది పారబోయాల్సి వస్తుంది. అదే పిల్లలకి జూన్‌లో జామెట్రీ బాక్సు కొనే దిక్కుండదు, కళ్లజోడు పగిలితే నెలల తరబడి బోర్డు కనపడకుండానే క్లాసులో కూర్చుంటారు. ఒక్కరోజు భోజనాలకి పెద్ద మొత్తం పెట్టేవాళ్ల కన్నా నెలకి ఐదొందలు మూడేళ్ల పాటు తప్పకుండా ఇచ్చే పదిమంది ఎక్కువ పనికొస్తారని నా గట్టి నమ్మకం. ఆ పదిమందిని ఎలా కూడగట్టాలి, ఏ పనులు పెట్టుకోవాలి, వేటి జోలికి పోకూడదు, ఇవన్నీ వరసగా చెప్తాను.

ముందు ఈ పిల్లలు ఎవరి బాధ్యతలో ఉన్నారో తెలుసుకోండి

తల్లిదండ్రుల దగ్గర ఉండే వీలు లేని పిల్లల సంగతి మన దేశంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం చూస్తుంది. ప్రతి జిల్లాకీ ఒక బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది, అందరూ సీడబ్ల్యూసీ అంటారు, ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. ఫలానా పాప హోములో ఉండాలా, బంధువుల దగ్గరికి పంపాలా, ఫాస్టర్ కుటుంబానికి, అంటే కొంతకాలం తమ ఇంట్లో పెట్టుకుని పెంచే వేరే కుటుంబానికి, ఇవ్వాలా అన్నది తేల్చేది ఈ కమిటీయే. దాని నిర్ణయాలు అమలయ్యేలా చూసే ఆఫీసు జిల్లా బాలల సంరక్షణ విభాగం, డీసీపీయూ. డబ్బు చాలావరకు కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే మిషన్ వాత్సల్య పథకం నుంచి వస్తుంది.

ఈ రెండు పేర్లు, సీడబ్ల్యూసీ, డీసీపీయూ, బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మీరు చేసే ప్రతి పనికీ వీటిలో ఏదో ఒకదానితో మాట్లాడాల్సి వస్తుంది. హోము నడిపేవాళ్లు ఎంత మంచివాళ్లయినా పిల్లల మీద నిర్ణయం వాళ్ల సొంతం కాదు, మీది అసలే కాదు.

ఇంకో మాట. హోములో ఉన్న పిల్లలందరికీ ఎవరూ లేరనుకుంటాం గాని చాలామందికి తల్లో తండ్రో, ఒక్కోసారి ఇద్దరూ ఉంటారు. జబ్బు, తాగుడు, జైలు, వలస పని, ఇంట్లో కొట్టడం, ఇలాంటి కారణాలతో వచ్చి ఉంటారు. కాబట్టి వెళ్లిన మొదటి రోజే "మీ అమ్మానాన్నలేరీ?" అని అడగకండి. ఆ ప్రశ్న వాళ్లని వచ్చినవాళ్లందరూ అడిగే ఉంటారు. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి, చెప్పకపోతే క్రికెట్ గురించి మాట్లాడుకోండి.

డీసీపీయూకి వెళ్లండి, గూగుల్‌లో కనపడిన హోముకి కాదు

ఇంటర్నెట్‌లో వెతికితే ముందు కనపడేవి ప్రచారం బాగా చేసుకునే సంస్థలు. వాటికి అప్పటికే దాతలు ఉంటారు. మీరు జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులోనో కలెక్టరేట్‌లోనో డీసీపీయూ ఎక్కడుందో కనుక్కుని, ఇద్దరు వెళ్లి, మూడు విషయాలు అడగండి. జిల్లాలో రిజిస్టరైన హోములు ఏవేవి, వాటిలో ఎవరూ పెద్దగా రానివి ఏవి? ఫాస్టర్ కుటుంబాలు, అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉంటున్న పిల్లలు ఎంతమంది, వాళ్లకి సాయం మీ ద్వారా ఎలా అందించొచ్చు? ఈ ఏడాది 18 నిండబోతున్న పిల్లలు ఎంతమంది? మూడో ప్రశ్న వినగానే అక్కడి అధికారి మిమ్మల్ని కొంచెం వేరుగా చూస్తారు, ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ కాబట్టి. పిల్లల పేర్లూ వివరాలూ మాత్రం అడగొద్దు, వాళ్లు ఇవ్వకూడదు కూడా.

ప్రతి హోమూ జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్టర్ కావాలి, ఆ రిజిస్ట్రేషన్ ఐదేళ్లే చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్. సర్టిఫికెట్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి, తేదీ కూడా చూడండి. రిజిస్టర్ చేయకుండా పిల్లల్ని పెట్టుకుంటే నడిపేవాళ్లకి ఏడాది వరకు జైలు, కనీసం లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. "కాగితాలు ప్రాసెస్‌లో ఉన్నాయండీ, పిల్లలు ఆకలితో ఉన్నారు, ముందు బియ్యం పంపండి" అన్నారంటే ఆ బియ్యం పంపే ముందు డీసీపీయూకి ఒక ఫోన్ చేయండి. పిల్లలు నిజంగానే ఆకలితో ఉంటే ఆ సంగతి తెలియాల్సింది ముందు వాళ్లకే.

డబ్బు సంగతి మొదటి రోజే తేల్చుకోండి

మనవాళ్లలో మంచి పనులు చెడేది సాధారణంగా ఇక్కడే. ఒకరి ఫోన్‌పేకి అందరూ వేస్తారు, ఆయన నిజాయితీపరుడే, కాని ఆర్నెల్ల తర్వాత లెక్క అడగడానికి ఎవరికీ నోరు రాదు, చెప్పడానికి ఆయనకి తీరిక ఉండదు, మెల్లగా గ్రూపు చల్లబడిపోతుంది.

మొదట్లో రిజిస్ట్రేషన్లూ ట్రస్టులూ అక్కర్లేదు. ఇద్దరి పేర్ల మీద ఒక జాయింట్ అకౌంట్ తెరవండి, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు బయటికొచ్చేలా. ఎవరి చేతికీ నగదు ఇవ్వకుండా బట్టల షాపుకి, కళ్లజోళ్ల షాపుకి, కాలేజీకి, హాస్టల్‌కి నేరుగా కట్టేయండి. నెలాఖరున బిల్లుల ఫోటోలతో ఒక పేజీ లెక్క గ్రూపులో పెట్టండి, ఎవరూ అడగకపోయినా సరే. ఒక ఏడాది నిలబడితే అప్పుడు సొసైటీగా రిజిస్టర్ చేసుకునే ఆలోచన చేయండి, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు ఉంటే చాలు.

హోముకే నేరుగా ఇవ్వాలనుకుంటే రసీదు లేకుండా ఇవ్వకండి. పన్ను మినహాయింపు మీద ఆశ ఉంటే ఆ సంస్థకి 80జీ ఉందో లేదో చూసుకోండి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు రాదు.

అమెరికాలో ఉన్న తమ్ముడూ బావగారూ ప్రతి కాలనీకీ ఉంటారు, వాళ్లు చేయి వేస్తామంటారు, మంచిదే, కాని ఇక్కడ ఒక చిక్కుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆయనిచ్చేది విదేశీ విరాళమే. 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఉండే ప్రత్యేక ఖాతాలోకే. తెలియక మీ కాలనీ అకౌంట్లో వేయించుకుంటే అనవసరమైన టెన్షన్. అలాంటివాళ్లని అనుమతి ఉన్న సంస్థకే నేరుగా పంపమనండి.

ఏం కావాలో పిల్లల్నే అడగండి

మీకు ఇవ్వాలనిపించింది వేరు, వాళ్లకి కావాల్సింది వేరు. పాత బట్టల మూటలు, సగం వాడిన నోటుబుక్కులు, చక్రం ఊడిన బొమ్మలు హోముల స్టోర్‌రూముల్లో గుట్టలుగా పడి ఉంటాయి. మీ పిల్లలకి మీరు తొడగని బట్ట అక్కడికీ పంపకండి, అంతకు మించి రూలేమీ అక్కర్లేదు.

2016 నమూనా నియమాల ప్రకారం ప్రతి హోములోనూ పిల్లల కమిటీలు ఉండాలి. సూపరింటెండెంట్ గారి అనుమతితో ఆ కమిటీనే జాబితా రాసివ్వమనండి. అమ్మాయిల హోములో అలా రాసిచ్చిన ఒక కాగితం నేను చూశాను, నోటుబుక్కులోంచి చింపిన పేజీ, వరసకో రంగు స్కెచ్ పెన్ను. మొదటి వరసలో "తాళం వేసుకునే పెట్టె, ఎవరి తాళం వాళ్లకే" అని ఉంది. తర్వాత కొబ్బరినూనె, ఎవరి సీసా వాళ్లకి. సైజు అడిగి కొన్న లోదుస్తులు. ప్యాడ్లు, పలచటివి వద్దు అని పక్కన బ్రాకెట్లో. హాల్లో పెట్టడానికి గోడ గడియారం. కేకు, బిర్యానీ, టెడ్డీబేర్ ఆ పేజీలో ఎక్కడా లేవు. పదిమంది ఒకే గదిలో పడుకునేచోట, సబ్బు దగ్గర్నుంచి దువ్వెన దాకా అందరిదీ ఒకటే అయిన చోట, నాది అని చెప్పుకునే ఒక పెట్టె ఎంత ముఖ్యమో మనకి బయట నుంచి తట్టదు.

బ్యాగు సంగతి కూడా ఇలాంటిదే. హోము మారేటప్పుడో, ఫాస్టర్ ఇంటికి వెళ్లేటప్పుడో చాలామంది పిల్లలు తమ సామానంతా ప్లాస్టిక్ కవర్లో పట్టుకుని వెళ్తారు. గట్టి జిప్పున్న బ్యాగు, లోపల ఒక జత కొత్త బట్టలు, తువ్వాలు, బ్రష్షు, ఒక నోటుబుక్కు, పెన్నులు పెట్టి, ఇలాంటివి పది సిద్ధం చేసి డీసీపీయూలో ఉంచండి. అర్ధరాత్రి స్టేషన్ నుంచో బస్టాండు నుంచో తీసుకొచ్చిన పిల్లవాడికి ఆ బ్యాగు వెంటనే పనికొస్తుంది. అయిపోగానే మళ్లీ పది.

ఖర్చుకి ఒక క్యాలెండర్ వేసుకోండి. బడులు తెరిచేది జూన్ రెండో వారం, కాబట్టి బూట్లు, బ్యాగులు, నోటుబుక్కులు మే నెలాఖరుకే చేరాలి, బూట్ల సైజు ఏప్రిల్‌లోనే తీసుకోవాలి. ఏడాదికి రెండుసార్లు కళ్ల పరీక్ష, ఒకసారి పళ్ల డాక్టరు. టెన్త్, ఇంటర్ పరీక్ష ఫీజుల గడువులు ముందే కనుక్కుని పెట్టుకోండి, లేట్ ఫీజు కట్టే అవసరం రాకూడదు. భోజనం పెట్టే కోరిక మీవాళ్లలో బలంగా ఉంటే దాన్ని చంపొద్దు, దారి మళ్లించండి. ఎవరూ రాని మామూలు మంగళవారం పూట, నెలకి ఒకసారి, సూపరింటెండెంట్ గారితో ముందుగా మాట్లాడి, ఆ రోజు వంట మాన్పించి పెట్టండి.

ఫోటోలు తీయకండి

దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఊరు, బడి, ఫోటో, వాళ్లని గుర్తుపట్టే వీలున్న ఏ వివరమైనా బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పత్రికలూ టీవీలకే ఇది వర్తిస్తుందనుకోకండి, ఏ రూపంలో ప్రచారం చేసినా తప్పే. ముఖానికి ఎమోజీ అంటించి, కింద బడి పేరున్న యూనిఫాం వదిలేసినా అంతే.

చట్టం సంగతి పక్కనపెట్టి, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి కోణంలోంచి ఆలోచించండి. మీ కాలనీ బ్యానర్ పట్టుకుని, చేతిలో బిస్కెట్ ప్యాకెట్‌తో నిలబడిన ఆ ఫోటోని తన క్లాసులో ఎవరో చూస్తారు. అప్పటిదాకా తను హోములో ఉంటున్నానని ఆ పాప ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు. దాతలకి ఏదో ఒకటి చూపించాలి అంటే కొన్న బూట్ల వరసని ఫోటో తీయండి, కట్టిన ఫీజు రసీదులో పేరు కొట్టేసి పెట్టండి, పిల్లలు పేరు లేకుండా గీసిన బొమ్మ వాళ్లు ఒప్పుకుంటే పెట్టండి. వెళ్లేవాళ్లందరి ఫోన్లూ గేటు దగ్గరే ఒక సంచిలో వేసేయడం అన్నిటికన్నా తేలిక.

వచ్చి కూర్చునే మనుషులు కావాలంటే

చదువు చెప్పడానికి, ఆటలు ఆడించడానికి వాలంటీర్లుగా వస్తామనేవాళ్లు దొరుకుతారు. వాళ్లని చేర్చుకునేటప్పుడు ఒకటే అడగండి. కనీసం ఒక విద్యా సంవత్సరం, వారానికి ఒక రోజు, ఫలానా టైము, కుదురుతుందా? కుదరదంటే వాళ్లకి వేరే పని ఇవ్వండి, బిల్లులు చూడటం, సామాను కొనడం, డ్రైవింగ్, బోలెడు పనులుంటాయి. మూడు వారాలు వచ్చి, పిల్లలు "అన్నా", "అక్కా" అని అలవాటు పడ్డాక మానేసేవాళ్లు అసలు రాకపోవడమే నయం. ఈ పిల్లల్ని అప్పటికే పెద్దవాళ్లు వదిలేసి వెళ్లి ఉన్నారు.

ప్రతి వాలంటీరుకీ గుర్తింపు కార్డు నకలు, పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరి చేయండి, మీ అన్నయ్యకైనా సరే. ఏ పెద్దమనిషీ తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతో గాని పిల్లవాడితో గాని ఉండకూడదు. సొంత ఫోన్ నంబరు ఇవ్వడం, విడిగా గిఫ్టులు ఇవ్వడం, బయటికి తీసుకెళ్లడం, ఇవేవీ హోముకి చెప్పకుండా జరగకూడదు. ఎవరైనా దీనికి నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. పిల్లలతో పని చేయాలంటే ఇవన్నీ మామూలు పద్ధతులే.

చదువు చెప్పేటప్పుడు సిలబస్ వెంట పరిగెత్తకండి. తొమ్మిదిలో ఉన్న పిల్లవాడికి భాగహారం రాకపోవచ్చు, తెలివి లేక కాదు, మధ్యలో రెండేళ్లు బడే లేక. ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి మొదలుపెట్టండి, క్లాసులో మిగతావాళ్ల ముందు కాకుండా.

నెరవేర్చలేని మాట ఒక్కటి కూడా ఇవ్వకండి. "వచ్చే ఆదివారం మా ఇంటికి తీసుకెళ్తా", "నిన్ను డాక్టర్ని చేస్తా" అని నోటికొచ్చినట్టు అనేస్తాం, వాళ్లు తేదీతో సహా గుర్తుపెట్టుకుంటారు. రాలేకపోతే ముందు రోజే ఫోన్ చేసి హోములో చెప్పి, ఆ మాట పిల్లలకి చేరిందో లేదో కనుక్కోండి.

ఏదైనా తేడాగా కనపడితే, దెబ్బల గుర్తులు, ఒక మనిషి రాగానే పిల్లలు బిగుసుకుపోవడం, ఎవరైనా మీతో ఏదైనా చెప్పుకోవడం, మీరు విచారణ మొదలుపెట్టకండి. పిల్లని పదే పదే అడగకండి, "ఎవరికీ చెప్పనులే" అని మాట కూడా ఇవ్వకండి, ఎందుకంటే చెప్పాల్సిందే. 1098కి ఫోన్ చేయండి, అది 24 గంటలూ పనిచేసే ఉచిత చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు, సీడబ్ల్యూసీకి కూడా తెలియజేయండి. లైంగిక వేధింపు అన్న అనుమానం ఉంటే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, హోము పరువు పోతుందని ఆగడానికి వీల్లేదు.

ఫాస్టర్ కుటుంబాలు, మనవల్ని పెంచే అమ్మమ్మలు

హోము గేటు కనపడుతుంది కాబట్టి అందరూ అక్కడికే వెళ్తారు. ఫాస్టర్ ఇంటికి బోర్డు ఉండదు. ఫాస్టర్ కేర్ అంటే దత్తత కాదు. సీడబ్ల్యూసీ ఆదేశంతో ఒక కుటుంబం ఆ బిడ్డని కొంతకాలం తమ ఇంట్లో పెంచుతుంది, ప్రభుత్వం మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయలు ఇస్తుంది. సొంత తల్లిదండ్రులు గాని అమ్మమ్మ నాయనమ్మలు గాని పెంచుకుంటున్న పేద పిల్లలకి స్పాన్సర్‌షిప్ కింద కూడా అంతే ఇస్తారు, కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. అర్హత ఉండి కూడా దరఖాస్తు చేయనివాళ్లు మీ వీధిలోనే ఉండొచ్చు. పనిమనిషి చనిపోతే ఆమె పిల్లల్ని ముసలి తల్లి చూసుకుంటోంది అనుకోండి, ఆ అమ్మమ్మని డీసీపీయూకి తీసుకెళ్లి, ఫారం నింపి, మరణ ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు తెప్పించి, బ్యాంకు పాస్‌బుక్ చేయించడం, ఇది ఒక మనిషి రెండు మూడు పూటల పని. పదివేలు చందా వేసినదాని కన్నా ఎక్కువ మేలు.

మీ గ్రూపే నెలనెలా ఒక బిడ్డకి స్పాన్సర్ కావాలనుకుంటే దానికీ దారి ఉంది, ప్రైవేటు స్పాన్సర్‌షిప్ అంటారు, డీసీపీయూ ద్వారానే నడుస్తుంది. బిడ్డ ఎవరో మీకు తెలియాల్సిన అవసరం లేదు, ఉత్తరాలూ ఫోటోలూ ఆశించకండి.

ఫాస్టర్ తల్లిదండ్రులకి డబ్బు కన్నా ఎక్కువగా కావాల్సింది మనుషుల తోడు. కొత్తగా వచ్చిన బిడ్డ రాత్రిళ్లు నిద్రపోదు, అన్నం దాచిపెట్టుకుంటుంది, చిన్న మాటకి వస్తువులు విసిరేస్తుంది. ఆ తల్లి రెండు నెలల్లోనే అలిసిపోతుంది. పక్కింటివాళ్లుగా మీరు చేయగలిగినవి చాలా మామూలు పనులు. శనివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో మిగతా పిల్లల్ని మీ పిల్లలతో పార్కుకి తీసుకెళ్లడం, ఒక పూట కూర పంపడం, ఆమె మాట్లాడితే సలహా ఇవ్వకుండా వినడం. "మీ సొంత పిల్లలు కారు కదా, ఎందుకు ఇంత తాపత్రయం" అని మాత్రం అనొద్దు, ఆ బిడ్డ వినేలా అసలే అనొద్దు. ఏ కులమో, ఎవరి బిడ్డో అని ఆరా తీసే నోళ్లని కాలనీలో మీరే ఆపండి.

మీలోనే ఎవరికైనా ఫాస్టర్ పేరెంట్ కావాలనిపిస్తే, 2024లో కేంద్రం సవరించిన మార్గదర్శకాలతో ఆ తలుపు ఇంకాస్త తెరుచుకుంది. పెళ్లి కానివాళ్లు, విడిపోయినవాళ్లు, జీవిత భాగస్వామిని కోల్పోయినవాళ్లు కూడా 35 నుంచి 60 ఏళ్ల లోపు ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. ఒంటరి మహిళకి ఆడపిల్లనైనా మగపిల్లవాణ్నైనా అప్పగించొచ్చు, ఒంటరి పురుషుడికి మగపిల్లల్నే. ఇదివరకు ఐదేళ్లు పెంచాక గాని దత్తతకి వీలుండేది కాదు, ఇప్పుడు రెండేళ్లు. దరఖాస్తు కూడా డీసీపీయూలోనే. ఎవరో ఫోన్ చేసి "మా దగ్గర ఒక పాప ఉంది, తీసుకెళ్లి పెంచుకోండి" అంటే మాత్రం జాలిపడి తీసుకురాకండి, అది బిడ్డల అమ్మకం కిందకి రావొచ్చు, వెంటనే 1098కి చెప్పండి.

18 నిండినవాళ్ల కోసం ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి

మీ గ్రూపుకి ఒక్క పని మాత్రమే చేసే శక్తి ఉంటే ఇది చేయండి, మిగతావన్నీ వదిలేసినా ఫర్వాలేదు. ఆరేళ్ల పాపకి గౌను కొనేవాళ్లు దొరుకుతారు, 18 ఏళ్ల కుర్రాడికి రూము అడ్వాన్సు కట్టేవాళ్లు దొరకరు.

హోము 18 దాకానే. పుట్టిన తేదీ కాగితాలు లేని పిల్లలకి వైద్య పరీక్షతో వయసు అంచనా వేసి రాస్తారు, ఆ రాసిన లెక్క ప్రకారం 18 సరిగ్గా ఇంటర్ పరీక్షల ముందో, డిప్లొమా మధ్యలోనో వచ్చి పడుతుంది. మన ఇళ్లల్లో ఆ వయసు పిల్లలకి బ్యాంకులో చలానా నింపడం కూడా మనమే నేర్పుతాం. జువెనైల్ జస్టిస్ చట్టంలో 46వ సెక్షన్ కింద ఆఫ్టర్ కేర్, అంటే హోము నుంచి బయటికొచ్చాక అందే సాయం, ఉంది, మిషన్ వాత్సల్య దాన్ని 21 ఏళ్ల వరకు, అవసరాన్ని బట్టి 23 వరకు ఇస్తుంది, నెలకి 4,000 ఇందులోనూ ఉంది. కాని దానంతట అది ఇంటికి నడిచి రాదు. 17 నిండగానే ఆ పిల్లవాడు, హోము సిబ్బంది, మీ మనిషి కూర్చుని దరఖాస్తు పని మొదలుపెట్టాలి.

కాగితాలు ముందు. ఆధార్, కుల ధ్రువీకరణ, టెన్త్ మెమో, టీసీ, బ్యాంకు పాస్‌బుక్, సీడబ్ల్యూసీ ఆర్డర్ల నకళ్లు, వైద్య రికార్డు, ఓటరు నమోదు. అన్నీ స్కాన్ చేసి తన డిజిలాకర్‌లోనో ఈమెయిల్‌లోనో పెట్టించండి, ఒరిజినల్స్‌కి ప్లాస్టిక్ ఫోల్డర్ కొనివ్వండి. ఆధార్‌లో చిరునామా హోముది ఉంటుంది, బయటికొచ్చాక సిమ్ దగ్గర్నుంచి హాస్టల్ దాకా అదే చిక్కు అవుతుంది, కాబట్టి కొత్త చోటు కుదిరిన వారంలోనే మార్పించండి. ప్రతి ఫారంలోనూ తండ్రి పేరు, సంరక్షకుడి సంతకం అని రెండు గళ్లు ఉంటాయి. ఆ గళ్ల దగ్గర ఏం రాయాలో, సీడబ్ల్యూసీ ఆర్డరు ఎప్పుడు చూపించాలో ముందే సాధన చేయించండి. కౌంటర్ దగ్గర పదిమంది ముందు తన కథంతా చెప్పుకునే పరిస్థితి రాకూడదు.

తర్వాత ఉండే చోటు. హాస్టల్ అడ్వాన్సు, మొదటి రెండు నెలల అద్దె, పరుపు, బకెట్టు, మగ్గు, గిన్నె, దుప్పటి, ఒక మామూలు స్మార్ట్‌ఫోన్. ఇదంతా అప్పు కాదని స్పష్టంగా చెప్పండి. జీతం వచ్చేదాకా డబ్బు ఎలా పొదుపుగా వాడాలో ఒక నెల పాటు తనతో కూర్చుని రాయించండి, ఆ నెల తప్పు జరిగితే తిట్టకండి, మీ ఇంట్లో కుర్రాడికి ఎన్నిసార్లు రీచార్జి చేయించారో గుర్తు తెచ్చుకోండి.

ఉద్యోగాలు ఇప్పించేటప్పుడు కాలనీకున్న బలం బయటపడుతుంది. ఒకాయనకి వర్క్‌షాపు ఉంటుంది, ఒకావిడ ఆస్పత్రిలో హెడ్ నర్సు, ఇంకొకరు ఆడిటర్. ఐటీఐ, పాలిటెక్నిక్, నర్సింగ్, ట్యాలీ, డ్రైవింగ్, ఎవరి ఇష్టాన్ని బట్టి వాళ్లకి అప్రెంటిస్ చోటు చూడండి. అతను ఎక్కడ పెరిగాడో యజమానికి చెప్పాలా వద్దా అన్నది అతనే తేల్చుకోవాలి.

సెలవుల సంగతి ఎవరికీ తట్టదు. దసరాకి, సంక్రాంతికి హాస్టళ్లు మూసేస్తారు, రూమ్మేట్లందరూ బస్సు టికెట్లు బుక్ చేసుకుంటుంటారు. ఇతనికి వెళ్లడానికి ఊరు లేదు. ఆ పది రోజులు ఎక్కడ ఉండాలో పండగకి నెల ముందే మాట్లాడండి. మీలో ఒకరి ఇల్లు, పాత హోములో అతిథిగా, స్నేహితుడి ఊరు, ఏదైనా సరే, భోగి ముందు రోజు రాత్రి అడిగితే మాత్రం లాభం లేదు. జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఆస్పత్రిలో సంతకం ఎవరు పెడతారు అన్నవి కూడా పేర్లతో రాసివ్వండి, రెండు నంబర్లు, ఒకటి ఎత్తకపోతే ఇంకోటి. ఆ ఇద్దరూ కనీసం 23 వచ్చేదాకా ఉంటామని ఒప్పుకున్నవాళ్లై ఉండాలి.

ఆపేయాల్సి వస్తే

ఉద్యోగాల బదిలీలు, ఇల్లు మారడాలు, గ్రూపులో మనస్పర్థలు, ఏ కారణం వల్లనైనా మీరు ఆపేయాల్సి రావొచ్చు. అప్పుడు చెప్పకుండా మాయం కాకండి. కనీసం మూడు నెలల ముందు డీసీపీయూకి, హోముకి చెప్పి, ఏ ఫీజు ఎప్పుడు కట్టాలో, ఏ పిల్లవాడి కళ్లజోడు ఎప్పుడు మార్చాలో ఉన్న మీ క్యాలెండర్‌ని తర్వాత వచ్చేవాళ్ల చేతికివ్వండి. ఖాతాలో మిగిలిన డబ్బుతో నడుస్తున్న ఏడాది ఫీజులు ముందే కట్టేయండి. వారం వారం వెళ్లిన వాలంటీర్లు ఆఖరుసారి కూడా వెళ్లాలి, ఎందుకు రాలేకపోతున్నారో పిల్లలకి ఎదురుగా కూర్చుని నిజం చెప్పాలి, "మళ్లీ వస్తాంలే" అని అబద్ధం ఆడకుండా. 18 దాటినవాళ్ల దగ్గరున్న ఆ రెండు ఫోన్ నంబర్లు మాత్రం మార్చకండి, గ్రూపు ఉన్నా లేకపోయినా.